తప్పు కళ్లది కాదు!

శుభలేఖలో 'వధువు' కాస్తా 'వథువు' అయింది. అయిదొందల కార్డులు అచ్చయిపోయాయి కూడా!

పెళ్లివారు పెద్దగా గొడవేం చెయ్యలేదు. 'మీరే ఇలా చేస్తే ఎలాగండీ' అన్నారంతే. ఆ ఒక్క మాటే ఆయనకు గుచ్చుకుంది. కాగితం ఖర్చు, అచ్చు ఖర్చు తనే భరించి కార్డులు మళ్లీ వేయించి ఇచ్చారు. ఆ రాత్రి భోజనం దగ్గర కూర్చుని, 'ఇక ఈ పని నావల్ల కాదు. కళ్లు పోయాయి' అన్నారు. భార్య, కొడుకు ముఖాలు చూసుకున్నారు. ఇల్లు గడిచేది ఆ పనితోనే మరి.

ఇది 2007 నాటి సంగతి. హైదరాబాద్ చిక్కడపల్లిలో, ఇంటి ముందుగదిలోనే డీటీపీ చేసుకునే ఆయనకు అప్పటికి యాభై రెండేళ్లు. పదహారో ఏట ప్రెస్సులో చేరి చేత్తో అక్షరాలు కూర్చడం నేర్చుకున్నారు. సీసం అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. అలా తిరగబడ్డ వరుసనే గబగబా చదివి, ఎక్కడ వత్తు పోయిందో, ఎక్కడ దీర్ఘం తగ్గిందో చెప్పేసేవారాయన. చేతి కంపోజింగ్ పోయి కంప్యూటర్లు వచ్చాక, నలభై ఏళ్ల వయసులో పేజ్‌మేకర్, అను ఫాంట్లు నేర్చుకున్నారు. పని మారింది కానీ, కళ్ల మీద నమ్మకం మాత్రం మారలేదు. అలాంటి మనిషి కళ్లు పోయాయంటున్నారంటే... ఇంట్లో వాళ్లకు అన్నం ఎలా సహిస్తుంది?

నిజానికి ఆ కళ్లకు సుఖంగా ఉంటుందనే రెండు నెలల క్రితం కొత్త మానిటర్ కొన్నారు. పాతది పదిహేనంగుళాల పిక్చర్ ట్యూబ్ మానిటర్. బల్ల మీద సగం చోటు దానిదే. ఎండాకాలం దాని వేడికి ఫ్యాను గాలి కూడా చాలేది కాదు. తెర సన్నగా వణుకుతుంటే సాయంత్రానికి తలనొప్పి. అందుకే తండ్రీకొడుకులిద్దరూ ఓ శనివారం సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లారు. ఇంజినీరింగ్ చదువుతున్న కొడుకు కళ్లు వెడల్పు తెరల మీద. 'ఎన్ని మిల్లీ సెకన్లు, కాంట్రాస్ట్ ఎంత' అని అతడు ఆరా తీస్తుంటే, తండ్రి ఒక్కటే అడిగారు... 'పేజీ మొత్తం కనబడుతుందా?' చివరికి పదిహేడంగుళాల పలుచటి ఎల్‌సీడీ కొన్నారు. తెర మొత్తం తెల్లగా ఓసారి, నల్లగా ఓసారి పెట్టించి, చచ్చిన చుక్కలేమైనా ఉన్నాయేమో చూసి మరీ తెచ్చుకున్నారు.

ఇంటికొచ్చి బిగించాక చూస్తే చిహ్నాలు, మెనూలు, అక్షరాలు అన్నీ చీమల్లా ఉన్నాయి. 'ఒరేయ్, ఇదేం చూపురా' అన్నారాయన. కొడుకు రెండు నిమిషాల్లో ఏదో మార్చాడు. అక్షరాలు పెద్దవయ్యాయి. 'ఇప్పుడు బావుంది' అన్నారు. బావుంది కానీ కాస్త మసగ్గా ఉంది. కొత్త తెర కదా, అలవాటు కావాలి కాబోలనుకున్నారు. పెళ్లివారు తొందరపెట్టడంతో కాగితం మీద ప్రూఫు తీయకుండా, తెర మీదే చూసి పంపించారు. ధ, థ ఆ మసకలో ఒకేలా కనిపించాయి.

మర్నాడే కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లారు. శుక్లాలు లేవు. చత్వారం అద్దాలు సరిగ్గానే ఉన్నాయి. 'కంప్యూటర్ ముందు ఎలా కూర్చుంటారు?' అని అడిగాడు డాక్టరు. కుర్చీలో కూర్చుని గడ్డం పైకెత్తి చూపించారాయన. 'అదీ సంగతి. మీ కళ్లద్దాల్లో దగ్గరి చూపు బిళ్ల కింద ఉంది. మానిటరేమో ఎత్తులో ఉంది. తెర కిందికి దించండి. చెయ్యి చాపినంత దూరంలో పెట్టండి. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడండి. రెప్పలు వెయ్యడం మరిచిపోకండి' అని చెప్పి పంపించాడు. కళ్లు బాగానే ఉన్నాయంటే ఆయన నమ్మలేదు. ధ, థ తేడా తెలియని కళ్లు బాగున్నట్టా!

ఆ ఆదివారం ఆవిడ మెత్తటి పాత పంచె ముక్కతో మానిటర్ తుడుస్తుంటే, అంచు కింద బొత్తామేదో నొక్కుకుపోయింది. తెర మీద చిన్న పెట్టె ప్రత్యక్షమైంది. 'ఏవండీ, ఏదో వచ్చిందండీ' అందావిడ కంగారుగా. పడక్కుర్చీలోంచి ఆయన తలెత్తి చూసి, 'బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ అని ఉంది. ఏం కాదులే, దానంతటదే పోతుంది' అన్నారు.

ఆవిడ చేతిలో గుడ్డ ఆగిపోయింది. 'ఇంత చిన్న అక్షరాలు అక్కణ్నుంచే చదివారే! మరి కళ్లు పోయాయంటారేం?'

పక్కగదిలోంచి కొడుకు వచ్చి చూశాడు. ఒకే తెర. పెట్టెలోని అక్షరాలు చెక్కినట్టున్నాయి. దాని వెనక పేజీలోని అక్షరాలేమో అలుక్కుపోయినట్టున్నాయి. తెరలో లోపం ఉంటే రెండూ అలాగే ఉండాలి కదా. కళ్లలో లోపమున్నా అంతే. ఒక్కసారిగా అతడి మొహం మారిపోయింది. 'నాన్నా, తప్పు నాది' అన్నాడు.

పదిహేడంగుళాల ఆ తెరలో అడ్డంగా 1280, నిలువునా 1024 చుక్కలుంటాయి. వాటిని పెంచలేం, తగ్గించలేం. పాత ట్యూబు మానిటర్‌కు ఇంత పట్టింపు లేదు. 800 అన్నా, 1024 అన్నా సర్దుకుపోయేది. అక్షరాలు పెద్దగా కనబడాలని కొడుకు రిజల్యూషన్ 800, 600కు తగ్గించాడు. అంటే పది చుక్కల ముగ్గును పదహారు చుక్కల మీద వెయ్యమన్నట్టు! సగం చుక్క పెట్టలేక తెర పక్క చుక్కలకూ కాస్త రంగు పులుముతుంది. ఆ పులుముడులోనే 'థ' పొట్టలో చుక్క, 'ధ' కింద గీత కలిసిపోయాయి. నాన్నకు మేలు చేద్దామని చేసిన పనే అది.

రిజల్యూషన్ మళ్లీ 1280, 1024కు మార్చాడు. అక్షరాలు పెద్దవి చెయ్యడానికి వేరే దారి ఉంది. విండోస్‌లో అక్షరాల పరిమాణం పెంచాడు. అంచులు నున్నగా కనబడేందుకు క్లియర్‌టైప్ పెట్టాడు. పేజ్‌మేకర్‌లో పేజీని రెండింతలు చేసి చూపించాడు. కళ్లు జిగేల్‌మనే వెలుగును, పక్కనే తెల్లకాగితం పెట్టి దానికి సమానమయ్యే వరకూ తగ్గించాడు. మానిటర్ కింద పెట్టిన పీటను తీసేశాడు. కిటికీ వెలుతురు తెర మీద పడకుండా బల్లను పక్కకు తిప్పాడు.

ఆయన కుర్చీలో కూర్చున్నారు. 'వధువు' అని కొట్టారు. కింద 'వథువు' అని కొట్టారు. కాసేపు రెండింటినీ చూస్తూ ఉండిపోయారు. తర్వాత ఏం మాట్లాడకుండా, నాలుగు రోజులుగా పక్కన పడేసిన పుస్తకం ఫైలు తెరిచారు. ఆవిడ లోపలికెళ్లి కాఫీ కలిపింది.

పాత మానిటర్ ఏళ్లతరబడి అటక మీదే ఉండిపోయింది. పాతసామాన్లవాడు అడిగినా ఆయన ఇవ్వలేదు. రాగి తీగ కోసం పగలగొడతారని, ఆ గాజులోనూ సీసం ఉంటుందని కొడుకు చెప్పాడు. సీసంతో బతికిన మనిషి కదా, దాని సంగతి ఆయనకు తెలుసు. ఇ-వ్యర్థాల నిబంధనలు 2012లో అమల్లోకి వచ్చాక, అనుమతి ఉన్న రీసైక్లింగ్ సంస్థకే అప్పగించారు.

2021లో కోడలు ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తుంటే, ల్యాప్‌టాప్ మీదికి వంగి వంగి మెడనొప్పి వచ్చింది. పెద్ద మానిటర్ కొందామని అందరూ దుకాణానికి వెళ్లారు. ఈసారి ఇరవై నాలుగంగుళాలు, 1920, 1080 చుక్కలు. ఏ పక్కనుంచి చూసినా రంగు మారని ఐపీఎస్ రకం. ఎత్తు సర్దుకునే స్టాండు కావాలని కోడలు అడిగింది. దుకాణం కుర్రాడు రంగురంగుల చేపల వీడియో పెట్టి, 'చూడండి సార్, ఎంత బ్రైటో' అన్నాడు.

'చేపలు సరే బాబూ' అన్నారు అరవై ఆరేళ్ల పెద్దాయన, కుర్చీ లాక్కుని చెయ్యి చాపినంత దూరంలో కూర్చుంటూ. 'తెలుగులో రెండు మాటలు కొట్టి చూపిస్తావా? ఒకటి వధువు... రెండోది వథువు.'