బిడ్డ వెళ్తోంది, తల్లి మిగులుతోంది



ఈ మధ్య మన ప్రార్థన మనవుల పుస్తకంలో ఒకే రకం మనవులు ఎక్కువగా కనబడుతున్నాయి. వీసా రావాలి, లోను రావాలి, సీటు రావాలి. ఒకప్పుడు వానల కోసం, వలల కోసం వ్రాసిన చేతులే ఇప్పుడు పిల్లల విదేశీ చదువుల కోసం వ్రాస్తున్నాయి. అన్నిటి కోసం ప్రార్థిస్తున్నాము. అయితే ఈ వారం ఒక మనవి మా ఇద్దరినీ మామూలుకంటే ఎక్కువసేపు మోకాళ్ల మీద ఉంచింది. తల్లీ కూతుళ్ల అనుమతితోనే, పేర్లు చెప్పకుండా దాని గురించి వ్రాస్తున్నాము.

ఆ అమ్మాయి మీకందరికీ తెలుసు. తండ్రి పులికాట్ సరస్సులో చేపలు పట్టేవాడు. అది పదో తరగతిలో ఉండగా ఆయన ప్రభువునందు నిద్రించాడు. తల్లి రొయ్యల కంపెనీలో పనికి వెళ్లి చదివించింది. ఒక్కతే బిడ్డ. మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తి చేసింది. ఇప్పుడు జర్మనీలోని బ్రెమెన్ విశ్వవిద్యాలయంలో అంతరిక్ష ఇంజినీరింగ్ చదవడానికి సిద్ధపడుతోంది.

మన ఊరివాళ్లకు రాకెట్టు కొత్త కాదు. సరస్సు అవతల శ్రీహరికోట. ముందు వెలుగు కనబడుతుంది, దాదాపు నిమిషం తరువాత శబ్దం వచ్చి కిటికీ అద్దాలు కదిలిస్తుంది. మనలో చాలామందిమి తల ఎత్తి చూసి మళ్లీ పనిలో పడతాము. ఈ బిడ్డ మాత్రం పొగ చెదిరిపోయే వరకు నిలబడేది. 2023 జూలై 14 శుక్రవారం చంద్రయాన్-3 ఎగిరిన రోజు ఉపవాస కూడికలో ఉన్నవారికి గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు అందరం మందిరం ఆవరణలోకి వచ్చి చూశాము. ఏ భాగం ఎప్పుడు విడిపోతుందో పెద్దవాళ్లకు చెప్పింది ఆ పిల్లే.

ఇప్పుడు ప్రయాణం మాట వచ్చేసరికి సంఘంలో మూడు మాటలు వినబడుతున్నాయి. ఆడపిల్లను అంత దూరం ఎందుకు? వెళ్లేదేదో కంప్యూటర్ కోర్సుకు వెళ్తే వెంటనే ఉద్యోగం కదా? ఎదురుగా షార్ ఉండగా దేశం దాటడం దేనికి? ఇవి చెడ్డ మనసుతో అడిగినవి కావు. అందుకే ఒక్కొక్కటి ఆలోచిద్దాము.

ఆకాశం మీద ప్రేమ భక్తికి సంబంధం లేని సంగతి అని కొందరు అనుకుంటారు. 8వ కీర్తన వ్రాసిన దావీదు అలా అనుకోలేదు. చంద్రుని, నక్షత్రాలను చూసిన తరువాతే మనిషి ఎంత చిన్నవాడో, దేవుడు అతణ్ణి ఎంతగా తలచుకుంటాడో ఆయన ఆలోచించాడు. అదే జర్మనీ దేశంలో 1571లో పుట్టిన యోహన్నెస్ కెప్లర్ అనే ప్రొటెస్టెంట్ విశ్వాసి సంగతి వినండి. ఆరేళ్ల వయసులో, 1577లో, తల్లి కాతరీనా అతణ్ణి ఒక ఎత్తైన చోటుకు తీసుకువెళ్లి తోకచుక్కను చూపించింది. తండ్రి సైనికుడిగా కూలికి వెళ్లి చివరికి ఇంటికి తిరిగి రాలేదు. కెప్లర్ పాస్టర్ కావాలనే కోరికతో టూబింగెన్‌లో వేదాంతం చదివాడు. చదువు పూర్తి కాకముందే, 1594లో, అతణ్ణి గ్రాజ్ పట్టణంలో లెక్కల ఉపాధ్యాయుడిగా పంపించారు. మొదట అతనికి ఇష్టం లేదు. తరువాత గ్రహాలను గురించి ఆలోచించడం కూడా దేవుణ్ణి మహిమపరచే పనే అని గ్రహించాడు. గ్రహాలు సూర్యుని చుట్టూ గుండ్రంగా కాక కోడిగుడ్డులా సాగిన దారిలో తిరుగుతాయని 1609లో అచ్చయిన గ్రంథంలో చెప్పాడు. ఈ రోజు మన సరస్సు మీదుగా వెళ్లే ప్రతి ఉపగ్రహపు దారినీ ఆ సూత్రాల మీదే లెక్కిస్తారు. వేదాంతం వదిలినందుకు ఆయన పిలుపు వ్యర్థం కాలేదు.

రెండవ ప్రశ్న కోర్సు గురించి. ఇక్కడ ప్రేమతోపాటు లెక్క కూడా కావాలి. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోవాలని ప్రభువు చెప్పాడు గనుక మేమూ ఆ అమ్మాయితో కూర్చుని లెక్క చూశాము. అమెరికాకు ఎందుకు వెళ్లడం లేదని అడిగాము. నాసాలో ప్రభుత్వ ఉద్యోగాలకు సాధారణంగా ఆ దేశపు పౌరసత్వం ఉండాలట. రాకెట్ పరిజ్ఞానం మీద అక్కడ గట్టి ఎగుమతి చట్టాలు ఉన్నందున, పౌరులకూ శాశ్వత నివాస హక్కు ఉన్నవారికీ తప్ప చాలా కంపెనీల తలుపులు తెరుచుకోవు. యూరోపు అంతరిక్ష సంస్థ కూడా ప్రధానంగా తన సభ్య దేశాలవారినే తీసుకుంటుంది. ఇవన్నీ ఆ బిడ్డకు తెలుసు. తెలిసే వెళ్తోంది.

బ్రెమెన్ ఎందుకంటే, అక్కడ 146 మీటర్ల ఎత్తైన ఒక బురుజు ఉంది. లోపల గాలి తీసేసిన పొడవాటి గొట్టంలో పరికరాలను పైనుండి జారవిడుస్తారు. కింద పడే 4.7 సెకన్లపాటు వాటికి బరువు ఉండదు. అంతరిక్షంలో నిప్పు ఎలా మండుతుందో, నీరు ఎలా కదులుతుందో ఆ కొద్ది సెకన్లలో చూసి నేర్చుకుంటారు. పడిపోవడాన్ని కూడా చదువుకునే చోటు అని ఆ అమ్మాయి చెబుతూ నవ్వింది.

ఖర్చు మాట. అక్కడ ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కు కొన్ని వందల యూరోల రుసుము మాత్రం ఉంది. కానీ వీసా కోసం ఏడాది జీవనానికి సరిపడా 11,904 యూరోలు ముందే ఒక ప్రత్యేక ఖాతాలో వేసి చూపించాలి. మన డబ్బులో దాదాపు పన్నెండు లక్షలు. అందులోనుండి నెలకు 992 యూరోల చొప్పునే తీసుకోవచ్చు. ఏడున్నర లక్షలు దాటిన విద్యా రుణానికి మన బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. ఆ తల్లికి ఉన్నది ఒక్క ఎకరం. ఇప్పుడు బ్యాంకు ముందు పెట్టబోయేది అదే. చదువు జరిగే కాలంలో కట్టనక్కరలేకపోయినా వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. దయచేసి ఈ సంగతి ప్రతి తల్లీ తండ్రీ గుర్తుంచుకోవాలి. విశ్వాసమంటే కాగితాలు చదవకుండా సంతకం పెట్టడం కాదు.

మూడవది షార్ సంగతి. అక్కడి ద్వారం మూసుకుపోలేదు. 2020 నుండి మన ప్రభుత్వం ఈ రంగంలో ప్రైవేటు సంస్థలకూ చోటిచ్చింది. హైదరాబాదుకు చెందిన స్కైరూట్ సంస్థ తన విక్రమ్-ఎస్ రాకెట్టును 2022 నవంబరు 18న మన ఎదుటి శ్రీహరికోట నుండే ఎగరవేసింది. చదివి తిరిగి వస్తే చేయడానికి పని ఉంటుంది. తిరిగి రావాలా, ఉండిపోవాలా అన్నది దేవుడు ఆమెకు చూపించవలసిన దారి. మనం ముందే గీత గీయకూడదు.

పైగా పంపడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1860లలో ఉత్తర జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ అనే పల్లె నుండి మిషనరీలు మన సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతాలకు వచ్చారు. వాళ్లను పంపించింది రైతులు ఉన్న చిన్న సంఘం. ఓడ ఎక్కిన కొడుకును మళ్లీ చూస్తామో లేదో తెలియని తల్లులు అక్కడ ఉండి ఉంటారు. ఆ పల్లెకు బ్రెమెన్ ఎంతో దూరం కాదు. వాళ్లు పంపినందున మన పల్లెలు వాక్యం విన్నాయి. ఇప్పుడు మన వంతు వచ్చింది.

అయితే ప్రియులారా, మమ్మల్ని ఎక్కువసేపు మోకాళ్ల మీద ఉంచినది ఈ మూడు ప్రశ్నలూ కావు. ఆ తల్లి అడిగిన నాలుగవది. "పొలం పోతే పోనీ అయ్యగారూ. సాయంత్రం పని నుండి వచ్చేసరికి ఇంట్లో పలకరించే మనిషి ఉండదు. దానికేం చేయమంటారు?" అంది.

చంద్రయాన్-3ను మోసిన రాకెట్టు బరువు సుమారు 640 టన్నులు. చంద్రుని వైపు వెళ్లింది 3.9 టన్నులు, నూటికి ఒక వంతు కూడా లేదు. మిగిలినదంతా మండిపోయింది, లేదా సముద్రంలో పడింది. మనం పైకి వెళ్లినదానికే చప్పట్లు కొడతాము. ఆ ఇంట్లో ఇన్నేళ్లు మండినది ఆ తల్లి. రాకెట్టు భాగాన్ని సముద్రంలో వదిలేయవచ్చు. తల్లిని వదిలేయకూడదు.

కెప్లర్ తల్లి సంగతి అక్కడితో అయిపోలేదు. ముసలితనంలో ఆమె మీద మంత్రగత్తె అని నింద వేశారు. 1620లో సంకెళ్లు వేసి చెరలో పెట్టారు. ఇరుగుపొరుగువారే సాక్ష్యం చెప్పారు. లింజ్‌లో ఉన్న కొడుకు తన పని ఆపుకుని వందల మైళ్లు వచ్చి ఆమె తరఫున వాదన వ్రాశాడు. పద్నాలుగు నెలల తరువాత, 1621 అక్టోబరులో, ఆమె విడుదలైంది. ఆ కొడుకు గొప్పవాడే. కానీ కొడుకు దూరాన ఉన్నప్పుడు ఆమె ఊరు, ఆమె సంఘం ఏమైపోయాయి? ఈ ప్రశ్న మమ్మల్ని వదలడం లేదు. ప్రభువైన యేసు సిలువ మీద ఉండి కూడా తన తల్లిని ప్రియ శిష్యునికి అప్పగించాడు. ఆ దినము నుండి ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు. వెళ్లేవారి తల్లి మిగిలినవారికి అప్పగింపబడుతుంది.

కాబట్టి పెద్దలతో మాట్లాడి కొన్ని తీర్మానాలు చేసుకున్నాము. బ్యాంకు పని తెలిసిన ఇద్దరు సహోదరులు లోను కాగితాలు ఆ తల్లికి తెలుగులో చదివి వినిపించాకే సంతకం. ఆదివారం ఆరాధన తరువాత భోజనం ఆమెకు వంతులవారీగా మన ఇళ్లలో. వారంలో మిగిలిన సాయంత్రాలు స్త్రీల సమాజపు అక్కలు ఆ ఇంటికి వెళ్లి కూర్చుంటారు. పని కల్పించుకుని వెళ్లనక్కరలేదు, కూర వండుకుంటూ మాట్లాడితే చాలు. వీడియో కాల్ పెట్టడం మా అమ్మాయి నేర్పిస్తుంది.

మరో రెండు మాటలు. మొదటి జీతం కానుక ఎప్పుడు పంపుతావని ఆ బిడ్డను ఎవరూ అడగవద్దు. ఒకవేళ అక్కడ కుదరక తిరిగి వస్తే, ఓడిపోయి వచ్చిందని ఎవరూ అనవద్దు. 2019 సెప్టెంబరులో విక్రమ్ ల్యాండర్ చంద్రుని మీద దిగబోయి కూలిపోయింది. అప్పుడు ఆ తప్పులన్నీ లెక్క చూసుకున్నవాళ్లే 2023 ఆగస్టు 23 సాయంత్రం మెల్లగా దించారు. ఒక యంత్రానికి ఇచ్చిన రెండో అవకాశం మన బిడ్డకు ఇవ్వలేమా?

చెల్లెమ్మా, నువ్వు కూడా ఇది చదువుతావు. అక్కడ చలికాలంలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుందని చెప్పావు. ఆ చీకట్లో ఒంటరితనం వస్తే దాచుకోకు, ఫోను చెయ్యి. దగ్గరలో ఒక సంఘం వెతుక్కో. చదువు కష్టమైతే కష్టమని చెప్పు. ఇక్కడ అమ్మను గురించి దిగులు పెట్టుకోకు.

మిగిలినవారందరికీ ఒక మనవి. ఈ ఆదివారం ఆరాధన చివర ఆ బిడ్డ మీద చేతులుంచి ప్రార్థన చేస్తాము. ఆ వెంటనే తల్లిని కూడా ముందుకు పిలుస్తాము. ఆమె మీద కూడా చేతులుంచుదాము. ఆకాశమును చేసిన దేవుడు వెళ్లే బిడ్డను, మిగిలే తల్లిని, ఇద్దరినీ కాపాడును గాక. ఆమేన్.