శుభం కార్డు ఎప్పుడు పడుతుంది?

"ఏరా, ఇంటర్వెల్లా?" అని అడిగింది మా అమ్మ.

కాదు. సినిమా అయిపోయింది. 2024 జూన్ నెలాఖరు మాట. అమీర్‌పేటలో ఒకప్పుడు సత్యం థియేటర్ ఉన్నచోట ఇప్పుడు మల్టీప్లెక్స్ వెలిసింది కదా, అందులో 'కల్కి 2898 ఏడీ' చూశాం. అమ్మ, నేను, పదో తరగతి చదివే మావాడు. తెరమీద కమల్‌హాసన్ గాండీవం ఎత్తాడు. హాలంతా ఈలలు. లైట్లు వెలిగాయి, జనం లేచారు. అమ్మ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"అయిపోయిందమ్మా, లే" అన్నాను.

"మరి శుభం కార్డు పడలేదే?"

"ఇది మొదటి భాగమే నానమ్మా. కథ ఇంకా ఉంది" అన్నాడు మావాడు.

"మిగతాది ఎప్పుడొస్తుంది?"

"చెప్పలేదు. రెండేళ్ళో, మూడేళ్ళో."

అమ్మ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేస్తూ, "నాకు డెబ్భై తొమ్మిదిరా నాయనా. వాళ్ళకేం, తీరిగ్గా తీసుకుంటారు" అంది.

నవ్వుతూనే అంది. మేమూ నవ్వాం. కానీ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర కారు ఆగినంతసేపూ నా చెవిలో ఆ మాటే తిరుగుతోంది. కథ వినడానికి కూర్చున్నవాళ్ళని సగంలో లేపి పంపడం న్యాయమేనా?

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. 'సశేషం' మనకు కొత్త కాదు. వారపత్రికల్లో సీరియళ్ళు చదువుతూ పెరిగినవాళ్ళం. హీరోయిన్ తలుపు తీసింది, ఎదురుగా... అని ఆపేస్తే, వారం రోజులు అన్నం సహించేది కాదు. అయినా ఎవరం తిట్టుకోలేదు. ఎందుకని? ఒకటి, వచ్చే వారం పత్రిక వస్తుందన్న నమ్మకం. రెండు, ఆ వారం చదివిన నాలుగు పేజీల్లో ఒక ముచ్చటో, ఒక ఏడుపో, ఒక మలుపో పూర్తిగా దక్కేది. ఆ రెండూ ఉంటే సశేషం అన్న మాట తీపిగానే ఉంటుంది. రెండూ లేకపోతేనే చిక్కు.

ఇప్పుడు సూపర్ హీరోల కథల్లో వచ్చిన చిక్కు సరిగ్గా ఇదే. మావాడి భాషలో దాన్ని 'యూనివర్స్' అంటారు. ఒక సినిమా, దానికి ముందు కథగా ఒక సిరీస్, దాంట్లో పుట్టిన పాత్రకి మళ్ళీ వేరే సినిమా. మార్వెల్ వాళ్ళు 2021 నుంచి డిస్నీ ప్లస్‌లో వరసగా సిరీస్‌లు వదిలారు. మొదటగా వచ్చిన 'వాండావిజన్' మావాడి బలవంతంమీద నేనూ చూశాను. ప్రేమించినవాణ్ణి పోగొట్టుకున్న ఒక స్త్రీ, ఆ దుఃఖం భరించలేక, తన మంత్రశక్తితో ఒక దొంగ సంసారాన్ని కల్పించుకుంటుంది. ఎంత మంచి ఊహ! ఎనిమిది ఎపిసోడ్ల దాకా కళ్ళు చెమ్మగిల్లేలా నడిపారు. తొమ్మిదోదానికొచ్చేసరికి ఆకాశంలో ఎగురుకుంటూ కొట్టుకోవడం, ఆ పైన రాబోయే 'డాక్టర్ స్ట్రేంజ్' సినిమాకి దారి వెయ్యడం. ఇంట్లో పెళ్ళి చేస్తూ, మధ్యలో పక్కింటి పెళ్ళికి శుభలేఖలు పంచినట్టుంది.

ఇది నా ఒక్కడి గొణుగుడు కాదు. 2023లో డిస్నీ అధినేత బాబ్ ఐగర్ గారే ఒప్పుకున్నారు. మార్వెల్ పేరుతో టీవీకి మరీ ఎక్కువ తియ్యడంవల్ల శ్రద్ధ పలచబడిపోయిందన్నది ఆయన మాటల సారాంశం. పాలవాడే పాలలో నీళ్ళు కలిశాయని చెప్పాక ఇక మనం వాదించేదేముంది?

మరి మన ఇంటి సంగతి? అదీ చూద్దాం. 2024 మే నెలలోనే రెండు యానిమేషన్ సిరీస్‌లు ఓటీటీల్లోకి వచ్చాయి. 17న హాట్‌స్టార్‌లో 'బాహుబలి: క్రౌన్ ఆఫ్ బ్లడ్'. 31న ప్రైమ్‌లో 'బుజ్జి అండ్ భైరవ', 'కల్కి'కి ముందుమాటగా రెండే ఎపిసోడ్లు. కీర్తి సురేష్ గొంతుతో మాట్లాడే ఆ బుజ్జి కారు అమ్మకి తెగ నచ్చింది. "ఇది ఘటోత్కచుడి చుట్టమే" అని తేల్చేసింది. సరదాగానే ఉంది, కాదనను. కానీ చూడటం అయ్యాక మిగిలిందేమిటి? నెల తర్వాత టిక్కెట్టు కొనాలన్న ఆత్రం. అది రుచి చూపించడమే తప్ప వడ్డించడం కాదు.

బాహుబలి సిరీస్‌తో ఇంకో ఇబ్బంది. అమరేంద్ర బాహుబలి మీదికి ఎంత పెద్ద సైన్యం వచ్చినా నా గుండె దడదడలాడదు. ఆయన చావు కట్టప్ప చేతిలో ఉందని 2015 జూలై నుంచి దేశమంతటికీ తెలుసు. ఈ లోపల ఏ రక్తదేవుడు వచ్చినా ఏం చెయ్యగలడు?

మావాడు ఇక్కడే నన్ను పట్టుకున్నాడు. "మరి రాముడు లంకనుంచి తిరిగొస్తాడని తెలిసి కూడా నానమ్మ రామాయణం ఎందుకు వింటుంది నాన్నా?"

నిజమే సుమండీ! రెండు రోజులు జవాబు తోచలేదు. తరవాత తట్టింది. ముగింపు తెలియడం తప్పు కాదు. అశోకవనంలో కూర్చున్న సీతమ్మ ఆ క్షణాన ఏమనుకుంటోంది, హనుమంతుడు తనను ఎలా నమ్మించాడు, అన్నది ఆ కాండకి సొంత ప్రశ్న. దానికి జవాబు ఆ కాండలోనే దొరుకుతుంది. అందుకే సుందరకాండ ఒక్కటీ విడిగా పారాయణ చేసి లేచినా కడుపు నిండుతుంది. ప్రతి భాగానికీ తనదంటూ ఒక ప్రశ్న ఉందా లేదా అన్నదే అసలు లెక్క.

ఆ లెక్కన 'మాయాబజార్' చూడండి. భారతం కంటే పెద్ద యూనివర్స్ ఈ భూమ్మీద ఉందా? 1957లో కె.వి. రెడ్డి గారు ఆ మహాసముద్రం పక్కన కూర్చుని చెంబుడు నీళ్ళే ముంచుకున్నారు. శశిరేఖ పెళ్ళి. అంతే! పాండవుల కథకి పాండవులే తెరమీదికి రారు, చూశారా? ముందు జరగబోయే కురుక్షేత్రానికి ప్రకటన లేదు. అభిమన్యుడు పద్మవ్యూహంలో పడిపోతాడని మనకి తెలుసు. అయినా ఆ పెళ్ళి భోజనాల వేళ ఆ దిగులు మన దరిదాపులకి రానివ్వరు. అమ్మ పన్నెండేళ్ళప్పుడు కృష్ణాజిల్లా పల్లెలో టూరింగ్ టాకీసులో నేలమీద కూర్చుని చూసింది. ఇవాళ్టికీ అదే పెళ్ళి, అదే నవ్వు.

సూపర్ హీరోలు కూడా మనకి కొత్తవాళ్ళు కారు. 1980లో ఎన్.టి. రామారావు గారు 'సూపర్‌మేన్'గా వచ్చారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. అమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళాను. అందులో హీరోకి శక్తులిచ్చింది హనుమంతుడే. మళ్ళీ నలభై నాలుగేళ్ళకి, 2024 సంక్రాంతికి, ప్రశాంత్ వర్మ గారి 'హను-మాన్'. ఈసారి ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించింది నేను. అంజనాద్రి అనే పల్లెటూరు, అల్లరిచిల్లరిగా తిరిగే తమ్ముడు, వాడికోసం ప్రాణం పెట్టే అక్క. ఆ అక్క పోయినప్పుడు అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ కథ అక్కడికి నిండింది. చివర్లో 2025లో 'జై హనుమాన్' అని వేసినా మాకేం వెలితి అనిపించలేదు. మా కథ మాకు దక్కింది. 2025 వెళ్ళిపోయింది, 'జై హనుమాన్' రాలేదు. 'అధీర', 'మహాకాళి' అని అదే యూనివర్స్‌లో ఇంకొన్ని పేర్లు వినిపించాయి, అవీ ఆ ఏడు రాలేదు. అయినా 'హను-మాన్' చూసినవాళ్ళకి బాకీ ఏమీ లేదు.

నిర్మాతల వైపు కూడా న్యాయం లేకపోలేదు. మేముండేది బంజారా హిల్స్‌లో. ఒక పక్క అక్కినేని వారు 1976లో కొండరాళ్ళ మధ్య కట్టిన అన్నపూర్ణ స్టూడియో, ఇంకో పక్క అమీర్‌పేటలో అంతకంటే పాతదైన సారథీ స్టూడియో. అప్పట్లో ఒక సెట్టు వేస్తే మర్నాడు విప్పేసి ఇంకో సినిమాకి వాడుకునేవారట. ఇప్పుడు కంప్యూటర్లో ఒక నగరం కడితే కోట్లు. ఆరు టన్నుల బుజ్జి కారు చేయించి, ఒక్క సినిమాతో షెడ్డులో పెట్టమంటే ఎవరి మనసొప్పుతుంది? తెలిసిన పేరయితే ఓటీటీ వాడూ ముందే బేరం కుదుర్చుకుంటాడు. అన్నీ నిజమే. సెట్టు మళ్ళీ మళ్ళీ వాడుకోండి. ప్రేక్షకుడి ఆత్రాన్ని మాత్రం అప్పుగా తీసుకుని వాయిదాలమీద వాయిదాలు వెయ్యకండి.

అది అసాధ్యం కూడా కాదు. సూపర్ హీరోలు కాకపోయినా, శైలేష్ కొలను గారి 'హిట్' సినిమాలున్నాయి. 2020లో ఒకటి, 2022లో ఒకటి, 2025లో ఒకటి. ఏ కేసు ఆ సినిమాలోనే తేలిపోతుంది. చివర్లో వచ్చే పోలీసు మొహం చూపించి సెలవు తీసుకుంటారు. అతిథిని గుమ్మందాకా సాగనంపి, "మళ్ళీ రండి" అన్నట్టుంటుంది. చెయ్యి కడుక్కోకముందే ఇంకో ఊరు భోజనానికి పిలిస్తే ఎలా?

అమ్మకిప్పుడు ఎనభై దాటాయి. మెట్లెక్కలేదు, థియేటర్ మాట ఎత్తడం లేదు. మొన్నొక సాయంత్రం కరెంటు పోయింది. ముగ్గురం బాల్కనీలో కూర్చున్నాం. ఉన్నట్టుండి మావాణ్ణి పిలిచి, "ఒరే, ఆ కల్కి కథ ఏమయిందో చెప్పనా?" అంది.

"నీకెలా తెలుసు నానమ్మా?"

"విను. బిడ్డ పుట్టాడు. అశ్వత్థామ కాపలా కాశాడు గనక శాపం తీరింది, నుదుటి పుండు మానింది. ఆ కర్ణుడున్నాడే, ఈసారి ధర్మం పక్కన నిలబడ్డాడు. ముసలాడి చేతిలో గాండీవం జారిపోయింది. శుభం."

"అలా జరగదు నానమ్మా, వాళ్ళ ప్లానింగ్ వేరే ఉంటుంది" అన్నాడు మావాడు.

"ఉండనీ. వాళ్ళు తీసినప్పుడు నువ్వు చూసుకో. నా మటుకు నాకు అయిపోయింది" అని, కుర్చీ చేతులు పట్టుకుని లేచి, దీపం పెట్టడానికి లోపలికి వెళ్ళింది.