లెక్కకు రాని పదవవాడు



విద్యారణ్యస్వామి పంచదశిలో ఏడవ ప్రకరణమైన తృప్తిదీపంలో దశముని దృష్టాంతం ప్రసిద్ధం. పదిమంది నది దాటారు. ఆవలి ఒడ్డున ప్రతివాడూ తనను విడిచి తక్కినవారిని లెక్కించి, తొమ్మిదిమందే మిగిలారని శోకించాడు. పదవవాడు నదిలో మునగలేదు, లెక్కించేవాడే పదవవాడు. ఈ కథ యంత్రయుగానికీ ఎంతగా వర్తిస్తుందో ఒక యువకుని అనుభవం తెలుపుతుంది.

అతని తాతగారు ఘనపాఠి. దేహం చాలించడానికి పూర్వం వారు చేసిన కృష్ణయజుర్వేద ఘనపాఠం ఆ యువకుని ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉన్నది. తాతగారి ఆబ్దికం నాటికి ఆ కంఠస్వరం మరల వినాలని మామ్మగారి కోరిక.

ఆ రోజులలోనే అతడు అందులో లినక్స్ కూడ ఎక్కించదలచి, బయోస్‌లో ప్రవేశించి వి.ఎం.డి. అనే అమరికను ఆపివేశాడు. ఇంటెల్ ప్రాసెసర్లు గల కొన్ని ల్యాప్‌టాప్‌లలో విండోస్ తన డిస్కును ఆ మార్గం గుండానే చూస్తుంది. మార్గం మారగానే విండోస్ లేవలేదు. నీలితెర మాత్రమే కనిపించింది.

"డిస్కు పోయింది" అని అతడు నిశ్చయించుకున్నాడు. ఇంట్లో అడిగితే "దానంతట అదే చెడింది" అన్నాడు. డిస్కును, విద్యుత్తును, విండోస్‌ను అన్నిటినీ దోషుల లెక్కలో వేశాడు, తనను వేసుకోలేదు. చివరకు అంతా చెరిపి విండోస్‌ను క్రొత్తగా ఎక్కించడానికి పెన్‌డ్రైవ్ సిద్ధం చేసుకున్నాడు.

ఆ సమయంలో కంప్యూటర్లు బాగుచేసే బాబాయి ఫోనులో అడిగాడు: "ఫార్మాట్ చేయకు నాయనా. అది బాగున్నప్పటికీ చెడినప్పటికీ నడుమ నీవు ఏమి చేశావు?"

కొంతసేపు మౌనం. పిమ్మట నిజం చెప్పాడు.

"అయితే తాతగారి పాఠం ఎక్కడికీ పోలేదు. బయోస్ అమరికలు డిస్కులో ఉండవు. మదర్‌బోర్డుపై వేరుగా ఉంటాయి. నీవు మూసినది త్రోవను మాత్రమే. మళ్ళీ తెరువు."

అతడు వి.ఎం.డి.ని యథాస్థితికి తెచ్చి, భద్రపరచి, యంత్రాన్ని మరల ప్రారంభించాడు. విండోస్ లేచింది. తాతగారి స్వరం వినిపించింది. మామ్మగారు కన్నులు తుడుచుకున్నారు.

విద్యారణ్యులు చెప్పిన ఏడు అవస్థలూ ఇందులో ఉన్నవి. తాను చేసినదేమో ఎరుగకపోవడం అజ్ఞానం. "పాఠం లేదు" అనడం ఆవరణం. శోకమూ తొందరపాటూ విక్షేపం. "ఉన్నది" అన్న బాబాయి మాట పరోక్షజ్ఞానం. స్వయంగా వినడం అపరోక్షం. పిమ్మట శోకనివృత్తి, తృప్తి. ఆప్తవాక్యం క్రొత్తగా దేనినీ సృష్టించలేదు; ఉన్నదానిని కప్పిన తెరను తొలగించింది.

అయితే దృష్టాంతానికి ఒక హద్దు ఉన్నది. ఆత్మకు నాశం లేదు, డిస్కుకు ఉన్నది. ఆ అమరిక పాఠాన్ని చెరపలేదు గాని, విక్షేపంలో చేయబోయిన ఫార్మాట్ చెరిపివేసేది. ప్రమాదం పొరపాటులో కంటె, దానిని దాచుకొని చేసే దిద్దుబాటులోనే ఎక్కువ.

ఆ యువకుడు పాఠాన్ని మరి రెండు డ్రైవులలో భద్రపరచాడు. ఇప్పుడు బయోస్‌లో ఏది మార్చినా ముందుగా ఆ తెరను ఫోటో తీసుకుంటాడు. బిట్‌లాకర్ ఉన్నచోట దాని 48 అంకెల రికవరీ కీని ముందే వ్రాసి ఉంచుకుంటాడు. ఏదైనా చెడినప్పుడు లెక్క మాత్రం తనతోనే మొదలుపెడతాడు.