బోరు నీళ్లకు నప్పే చేప

ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డు పక్క సందులో ఉంది ఆ రంగుచేపల అంగడి. పాపను వెంటబెట్టుకుని పోయాను. పోయినసారి గుండ్రటి గాజుగిన్నెలో పెట్టిన గోల్డ్‌ఫిష్ పదిరోజులకే చచ్చిపోతే, ఆ పూట పాప అన్నం ముట్టలేదు. ఈసారి అన్నీ కనుక్కునే తేవాలనుకున్నాను.

అంగడాయన ఏ చేప కావాలని అడగలేదు. "ఇంట్లో ఏం నీళ్లు నా?" అన్నాడు. బోరువన్నాను. "బకెట్టుకు తెల్లగా పొర కడతాదా?"

కట్టకేం! మాది నాపరాళ్ల సీమ. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు దిక్కు నేల కింద సున్నపురాయి. దాన్ని కరిగించుకుని పైకొచ్చే నీళ్లే మేం బడిలో చదువుకున్న కఠిన జలం. పాప వేలు పెట్టి చూపించిన నియాన్ టెట్రాలు అమెజాన్ అడవి వాగుల్లోవి; వాటికి మెత్తటి, కాస్త పులుపు నీళ్లు కావాలి. గుప్పీలకు, ప్లాటీలకు, మోలీలకు మా బోరు నీళ్లే హాయి. చేపల మీద ప్రేమతో కొందరు క్యాన్ నీళ్లు పోస్తారట. గుప్పీలకు కావలసిన ఖనిజాలు ఆ వడపోతలోనే పోతాయి.

తర్వాత తొట్టి కొలత అడిగాడు. పద్దెనిమిది అంగుళాల పొడుగు, పదేసి అంగుళాల వెడల్పు, ఎత్తు. అంచుదాకా నింపినా 30 లీటర్లు దాటదు. గోల్డ్‌ఫిష్ దాదాపు జానెడు పెరుగుతుంది, మురికీ ఎక్కువే చేస్తుంది. మోలీకీ చోటు చాలదు. "ఆరు గుప్పీలు, అన్నీ మగవే తీసుకోండి. ఆడది ఒక్కటున్నా నెలనెలా పిల్లలు పెడతాది." ఫైటర్ కావాలంటే అదొక్కటే ఉండాలి. గుప్పీల పొడుగాటి తోకలు చూస్తే కొరుకుతుంది. ఆరే ఎందుకంటే, మేలో ఎండ 40 డిగ్రీలు దాటే ఊరు మాది. నీళ్లు వేడెక్కేకొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది.

మా గోల్డ్‌ఫిష్ ఎందుకు పోయిందో కూడా అక్కడే అర్థమైంది. చేప విసర్జించే అమ్మోనియా దానికే విషం. దాన్ని మార్చే సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో ఉండవు, కుదురుకోవడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. మేం నీళ్లు పోసిన గంటకే చేపను వదిలాం. ఆ తప్పు ఇప్పటికీ మనసును కలుక్కుమనిపిస్తుంది.

ఆయన ఆ రోజు చేపలు అమ్మలేదు. తన ఫిల్టర్‌లోని పాత స్పాంజి ముక్క ఒకటి కత్తిరించి, నీళ్లతో సహా సంచిలో కట్టిచ్చాడు. రోజూ చిటికెడు మేత వేయమన్నాడు.

"చేపల్లేకుండా మేతెవరికి?" అంది పాప.

"కంటికి కనపడనోళ్లకు తల్లీ."

దారంతా ఆ సంచిని ఎండ తగలకుండా చున్నీ కింద దాచుకుని తెచ్చింది.