తనకల్లు గుట్టల్లో అగ్గి కాపలా

కదిరి–మదనపల్లె రోడ్డు వదిలి తనకల్లు గుట్టల వైపు తిరిగేసరికి పొద్దు బాగా ఎక్కింది. మార్చి నెల. బోదగడ్డి నడుమెత్తున ఎండి ఉంది. అడవి అంచున నలుగురు కూలీలు ఆకులు ఊడ్చి, ఎర్రమట్టి తేలేదాకా పారలతో గీకుతున్నారు. ఇదే ఫైర్ లైన్. మంట ఇక్కడిదాకా వస్తే అంటుకోవడానికి పుల్ల కూడా మిగలకూడదు.

వేసవి కాపలాకు పెట్టుకున్న ఫైర్ వాచర్ ఒకాయన వేప మండ విరిచి, నేల మీదే పని చేసి చూపించాడు. "ఎత్తి కొడితే నిప్పురవ్వలు అవతలికి ఎగురుతాయి సార్. అదిమిపట్టి, కాలిన వైపుకే ఈడ్చాల." బందారు మండ ముట్టుకోరట, పచ్చిదైనా భగ్గుమంటుంది.

"అగ్గికి ఎగువన నిలబడకూడదు. పక్కల నుంచి చుట్టుకుంటా పోవాల" అన్నాడు. సెగ పైనున్న గడ్డిని ముందే కాగబెడుతుంది కాబట్టి మంట ఎగువకు పరుగుపెడుతుంది. గాలి తగ్గాక, పొద్దుగూకిన తర్వాతే పని సాగుతుంది. మరీ పెద్దదైతే ఫైర్ లైన్ దగ్గర ఎదురుమంట పెట్టి, నడుమ ఉన్న గడ్డిని ముందే కాల్చేస్తారు. గాలి తిరిగితే అది పెట్టినవాళ్ల మీదికే వస్తుంది. చెయ్యి తిరిగినవాళ్లు లేకుండా దాని జోలికి పోకూడదు.

డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాలు పసిగట్టిన మంటల సమాచారాన్ని సెల్‌ఫోన్లకు పంపుతోంది. అయితే ఆ ఉపగ్రహాల్లోని మెరుగైన విర్స్ (VIIRS) పరికరం చూపే ఒక్కో చుక్కా 375 మీటర్ల గడి, అంటే దాదాపు 35 ఎకరాలు. అందులో మంట ఏ వంకలో ఉందో నడిచే వెతకాలి. 2014 మార్చిలో శేషాచలం కొండలు అంటుకుంటే వాయుసేన హెలికాప్టర్లు వచ్చాయి. ఇక్కడి గుట్టలను మాత్రం ఈ పారలూ మండలే కాపాడాలి.

అగ్గి చాలాసార్లు మనిషి చేతిలోనే పుడుతుంది. ఆర్పని బీడీ, గట్టు మీద కాల్చిన చెత్త, కాల్చితే లేతగడ్డి మొలుస్తుందన్న కాపరి ఆశ. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని సీమలో ఆ ఆశను నేను తప్పుపట్టలేను. కానీ కాలిన గుట్ట మీది మన్ను మొదటి జడివానకే కొట్టుకుపోయి చెరువులో పూడికవుతుంది.

గొర్రెలు తోలుకొస్తున్న పెద్దాయన్ని వాచర్ "మామా, బీడీ ఆర్పి పో" అని కేకేశాడు. ఆయన ఆర్పి, నా వైపు తిరిగాడు. "గడ్డి పచ్చిగా ఉన్నప్పుడు కార్తీకంలో కోసుకోనిస్తే, అగ్గి ఎవరు పెడతారు సామీ?" న్యాయమైన మాట. వచ్చే కార్తీకానికి ముందే వన సంరక్షణ సమితి కాపరులను కూర్చోబెట్టుకుని, ఎవరు ఏ గుట్ట మీద కోసుకోవాలో తేల్చాలి.