రంది, బుగులు, మనాది

ఆసిఫాబాద్‌లో నా ఎదురుగా కూర్చున్నవాళ్లెవరూ ఇంతవరకు ‘కుంగుబాటు’ అన్న మాట వాడలేదు. అది మేం కరపత్రాల్లో రాసే మాట. వచ్చినవాళ్లు ‘పాణం మంచిగ లేదు మేడం’ అంటారు. ‘బుక్క దిగుతలేదు’, ‘కాళ్లు గుంజుతున్నయ్’ అంటారు. ఇంకాసేపు ఓపిక పడితే రంది అంటారు, బుగులు అంటారు. పోయిన మనిషినే తలుచుకుంటూ చిక్కిపోయే వాళ్ల గురించి వెంట వచ్చినవాళ్లు ‘మనాది పట్టింది’ అని చెబుతారు. ఈ మూడూ ఒకటి కావు. రంది మనసును తొలిచే దిగులు. బుగులు భయం. మనాది ఒక్కదాని చుట్టే తిరిగి మనిషిని లోపల్నుంచి తినేసేది. వీటిని విని, అంకెలుగా కాగితం మీద పెట్టడం సైకాలజిస్టుగా నా పని.

ఆ అంకెలకు ఆధారం మాక్స్ హామిల్టన్ అనే వైద్యుడు 1960లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ నుంచి ప్రచురించిన కుంగుబాటు కొలమానం. అందులో 17 అంశాలు. కొన్నింటికి 0 నుంచి 4 వరకు, మిగతావాటికి 0 నుంచి 2 వరకు వేయాలి. సాధారణంగా 7 లోపు ఉంటే మామూలు, 23 లేదా ఆపైన ఉంటే చాలా తీవ్రం అనుకుంటాం. జబ్బు ఉందో లేదో తేల్చడానికి చేసింది కాదది. ఉందని తేలినవాళ్లలో ఎంత ఉందో చూడటానికి చేసింది. అయితే హామిల్టన్ దేనికి ఎన్ని వేయాలో చెప్పారు గానీ, ఏ మాటలతో అడగాలో చెప్పలేదు. ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్లు అడిగారు. 1988లో అమెరికాలో జానెట్ విలియమ్స్ ఒక్కో అంశానికి అడగాల్సిన ప్రశ్నలు వరుసగా రాసిపెట్టారు. ఆ వరుస ఎందుకు కావాలో నాకు చదువులో అర్థం కాలేదు. ఒక అవ్వ దగ్గర అర్థమైంది. (మనుషుల ఆనవాళ్లు మార్చే రాస్తున్నాను.)

అది ఏప్రిల్ నెల. తిర్యాణి వైపు నుంచి వచ్చింది. పొద్దున నేను మాట్లాడి 22 వేశాను. మధ్యాహ్నం నా సీనియర్ విడిగా మాట్లాడి 14 వేశారు. ఒకే మనిషి, ఒకే రోజు, ఎనిమిది మార్కుల తేడా. సాయంత్రం ఇద్దరం రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం.

నాలుగు చోట్ల రెండేసి మార్కులు తేడా వచ్చాయి. తెల్లారగట్ల మెలకువ వస్తోందని ఆమె చెప్పగానే నేను 2 వేశాను. ఆయన ఇంకో ప్రశ్న అడిగారు: ‘పోయినేడు గీ దినాలల్ల ఎప్పుడు లేస్తుంటివి అవ్వా?’ అప్పుడూ అదే వేళకు. ఇప్పపువ్వు రాలే కాలం. చీకటితో లేచి అడవికి పోకపోతే పువ్వు దక్కదు. ‘పని చేస్తున్నవా’ అని నేనడిగితే ‘పనేం లేదు బిడ్డా’ అంది. 3 వేశాను. ఆమె చెప్పింది పత్తి ఏరుడు అయిపోయిందని. గంపలకొద్దీ ఇప్పపువ్వు ఏరి ఆరబోస్తున్న మనిషిని నేను పని తగ్గించేసిన మనిషిగా రాశాను. బరువు సంగతి ఇంకా ఘోరం. ‘సన్నబడ్డవు గదా అవ్వా?’ అన్నాను. ‘ఔ బిడ్డా’ అంది. ఆయన మాత్రం జాకెట్టు వదులైందా, గాజులు జారుతున్నయా అని అడిగారు. లేదంది.

నాలుగోది అపరాధ భావన. అక్కడే మేం ఎక్కువసేపు ఆగాం. ‘ఏం పాపం చేసిన్నో, దేవుడు గిట్ల జేసిండు’ అంది అవ్వ. తన జబ్బు శిక్షే అని రోగి నమ్మితే 3 వేయాలని కొలమానంలో ఉంది. వేశాను. కానీ ఆ మాట పంట పోయినా, బర్రె చచ్చినా, బిడ్డకు జరమొచ్చినా ఇక్కడి ఇళ్లల్లో అనేదే. ‘ఇంట్ల వేరేటోళ్లు గూడ అట్లనే అంటరా, నీకొక్కదానికే అనిపిస్తుందా’ అని ఆయన అడిగారు. అందరూ అంటారంది. కోడలి మీద అరిచానన్న బాధ మాత్రం తనదే అంది. దానికి 1. ఊరంతా నమ్మేదాన్ని ఒక మనిషి జబ్బు కింద రాయకూడదని నేను ఆ సాయంత్రం నేర్చుకున్నాను.

మాత్రలు మొదలుపెట్టాక గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మార్కులు సగానికి తగ్గితే మందు పనిచేస్తోందని, 7 లోపుకు వస్తే జబ్బు దిగిందని లెక్క. మొదటిసారి నేను 22 వేసి, నెల తర్వాత ఆయన 14 వేసి ఉంటే? ఆమెలో వెంట్రుకవాసి మార్పు లేకపోయినా ‘మెరుగవుతోంది’ అని ఫైలులో ఉండేది. డాక్టరు అదే మాత్ర కొనసాగించేవారు.

అప్పటి నుంచి మా ప్రశ్నల కాగితంలో ‘గదా’ అన్న మాట లేదు. మాలాంటివాళ్లు ‘గదా’ అంటే ఊరివాళ్లు మర్యాదకైనా ఔననే అంటారు. ‘ఈ వారంలో’ అనేది కూడా తీసేశాం. ‘పోయిన అంగడి నుంచి ఇయ్యాల్టి దాక’ అని అడుగుతాం. అంగడి నుంచి అంగడికి లెక్క అందరికీ ఉంటుంది.

ఆ ‘గదా’ అన్నిటికంటే ప్రమాదం చావు గురించిన ప్రశ్నలో. కొత్తలో నేను ‘అసొంటి ఆలోచనలేం లేవు గదా?’ అని అడిగేదాన్ని. లేవు అనిపించుకునే ప్రశ్న అది. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న నా భయం అందులో ఉంది. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. వాంకిడి వైపు యువరైతు ఒకాయన అన్నతో వచ్చాడు. ఏమడిగినా అన్నే జవాబు చెబుతున్నాడు. అన్నను బయట కూర్చోమని, వరుసలో ఉన్నట్టే అడిగాను: ‘సచ్చిపోతె బాగుండు అనిపించిందా?’ చాలాసేపు నేల చూశాడు. ‘పత్తి మందు డబ్బ చేతిల పట్టుకున్న మేడం. మల్ల పెట్టేసిన’ అన్నాడు. కొలత అక్కడితో ఆపేశాను. డాక్టరును పిలిచాం. అన్నకు చెప్పి డబ్బాలు ఇంట్లోంచి తీయించాం. రాత్రి ఏ వేళైనా మాట్లాడొచ్చని టెలీ మానస్ నంబరు 14416 ఇద్దరికీ రాసిచ్చాను. వరుసలో ఆ ప్రశ్న లేకపోతే, ఆ రోజు రద్దీలో నేను అడిగేదాన్ని కాదేమో.

గోండి మాట్లాడేవాళ్ల దగ్గర నాకింకా తృప్తి లేదు. తల్లి అయిదు నిమిషాలు చెప్పింది, కొడుకు ‘నిద్ర లేదంటుంది’ అని ఒక్క ముక్కలో చెబుతాడు. మిగతా మాటలన్నీ ఏమైపోయినట్టు? ఇంటి మనిషి కాకుండా, రెండు భాషలూ వచ్చినవాళ్లు కూర్చుంటే తప్ప ఆ మార్కుల మీద నాకు నమ్మకం కుదరదు.

ఒక్కరి కొలతను నమ్మకుండా ఇద్దరు వైద్యులు ఒకేచోట కూర్చుని విడివిడిగా వేయాలని హామిల్టనే కోరుకున్నారు. వీలైన రోజు మేం అలాగే చేస్తాం. ఒకరు అడుగుతారు, ఇద్దరం రాస్తాం, రోగి వెళ్లాకే కాగితాలు తిప్పుతాం. రద్దీ రోజున అది కుదరదు. ఒక్కో మనిషికి అరగంట దొరకడమే కష్టం. అయినా ఆ అరగంట కోసం నేను ఎవరితోనైనా పోట్లాడతాను.

జూన్‌లో వానలు మొదలయ్యాక అవ్వ మళ్లీ వచ్చింది. పత్తి గింజలు పెట్టడం మొదలైంది, ఇప్పపువ్వు అమ్మేసింది. మొదటి ప్రశ్నకే నవ్వింది.

‘పోయినసారి గూడ గిదే అడిగితివి బిడ్డా.’

‘ఔనవ్వా. గిప్పుడూ గిదే అడుగుత.’

కొంగు సర్దుకుని, కాసేపు ఆలోచించుకుని చెప్పింది. ‘రంది ఉన్నది. బుగులు తక్కువైంది.’

రెండిటినీ వేరు వేరు గళ్లలో రాసుకున్నాను.