శ్రుతి కలిపే చెయ్యి

సికింద్రాబాద్‌లో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ చవగ్గా ఇచ్చేసిన పియానో అది. ముందు పలక తీసి చూస్తే లోపల ఓ సంసారమే ఉంది: చిమ్మటలు కొట్టేసిన ఫెల్టు, రెండు పావలా బిళ్లలు, ఎలుక దాచుకున్న గుడ్డపీలికలు.

మెట్లన్నీ ఊడదీసి, వరుస తప్పకుండా నంబర్లు వేసుకుని, దుమ్ము దులిపాను. వానాకాలపు చెమ్మకి ఉబ్బి, నొక్కితే మళ్లీ లేవని మెట్లను సరిచేశాను. 88 మెట్లూ కదిలేసరికి గర్వం నెత్తికెక్కింది. తీగలు మాత్రం ఎందుకు బిగించలేననుకున్నాను. ఓ తీగ ఠప్పున తెగి చెంప పక్కనుంచి పోయింది. గర్వం దిగింది. పియానోలో 230 దాకా తీగలు, అన్నీ కలిసి చట్రాన్ని లాగే బలం 15 టన్నులకు పైమాటేనని ఆ తర్వాత తెలుసుకున్నాను.

ట్యూనర్ కోసం వెతికితే ఒకాయన ఫోన్లోనే రేటు చెప్పేశాడు. ఇంకొకాయన, “చూడకుండా ఏం చెప్పను బాబూ?” అన్నాడు. ఆయన్నే పిలిచాను.

వస్తూనే తీగలు చుట్టిన మేకుల పట్టు చూశాడు. “ఒక్కసారే శ్రుతిని 440 హెర్ట్జ్‌కి లాగితే తట్టుకోదు, రెండు మూడు విడతలు పడుతుంది” అన్నాడు. చాలా స్వరాలకు మూడేసి తీగలు. రెండింటిని ఫెల్టు ముక్కతో నోరు మూయించి మూడోదాన్ని సరిచేశాడు. తర్వాత రెండోదాన్ని వదిలాడు. రెండు తీగల మధ్య వావా అంటూ ఊగుతున్న అల మెల్లగా సాగి, సాగి, ఆగిపోయింది.

“పంచమాన్ని పిసరంత తగ్గించే పెట్టాలండీ, లేకపోతే మిగతావి కుదరవు” అన్నాడు. తంబురాకు అలవాటుపడ్డ నా చెవికి ఆ సర్దుబాటు ఇంకా కొత్తగానే ఉంది.